అమ్మ చేతి వాపుకి లింఫాటిక్ డ్రైనేజ్ మసాజ్: 18 సిట్టింగుల తర్వాత రాస్తున్నది

మా ఇంట్లో జరిగింది ఎవరికైనా పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. మా అమ్మకి ఎడమ రొమ్ములో క్యాన్సర్ వచ్చింది. 2023 నవంబర్‌లో ఆపరేషన్ చేశారు, చంకలో బిళ్ళలు (లింఫ్ గ్రంథులు) కూడా తీసేశారు. తర్వాత కీమో, రేడియేషన్ అన్నీ 2024 వేసవికల్లా అయిపోయాయి. గండం గడిచింది అనుకున్నాం. ఆ ఏడు దసరాకి తెనాలి వెళ్తే అమ్మ ఎడమ చేతికి గాజులు లేవు. ఏంటమ్మా అంటే "ఎక్కట్లేదే, ఒళ్ళొచ్చినట్టుంది" అంది. ఒళ్ళొస్తే రెండు చేతులకీ రావాలి కదా, కుడి చేతికి ఎప్పటి గాజులే ఉన్నాయి. పక్కన కూర్చుని ముంజేతి మీద బొటనవేలితో నొక్కాను. గుంట పడింది. వేలు తీసేశాక చాలాసేపు చూస్తూ కూర్చున్నా ఆ గుంట పూడలేదు. జాకెట్ ఎడమ చేతికి కుట్టు విప్పుకుని మరీ తొడుక్కుంటోందని కూడా అప్పుడే చూశాను. నెలరోజులుగా ఉందట, మాకు టెన్షన్ ఎందుకని చెప్పలేదట.

డాక్టర్ గారు చూసి, గడ్డ మళ్ళీ రాలేదని పరీక్షలు చేసి నిర్ధారించుకున్నాక, దీన్ని లింఫెడిమా అంటారు, చంకలో బిళ్ళలు తీసినవాళ్ళలో కొంతమందికి వస్తుంది, నెలల తర్వాత రావచ్చు, ఏళ్ళ తర్వాత కూడా రావచ్చు అన్నారు. లింఫాటిక్ మసాజ్ చేయించండి, కట్టు కట్టించండి అని చీటీ మీద రాసి ఇచ్చారు. బయట యాభై మంది క్యూలో ఉన్నారు, ఎక్కడ చేయించాలి, ఎవరు చేస్తారు అని అడిగే టైమే దొరకలేదు.

ఇక్కడే మేం తప్పటడుగు వేశాం. ఫోన్‌లో లింఫాటిక్ మసాజ్ అని వెతికితే విజయవాడలో మొదట కనిపించింది ఒక స్పా. పేరు చెప్పను. అరవై నిమిషాలు, 2,500 రూపాయలు, శరీరంలోని విషాలన్నీ బయటికి పోతాయి అని బోర్డు. నేను ఆపరేషన్ సంగతి చెప్పాను, చీటీ కూడా చూపించాను, "మాకు అలవాటే మేడమ్" అన్నారు. వేడి నూనె పోసి, ఆ చేతిని కింది నుంచి పైకి మెటికలతో గట్టిగా నొక్కుతూ గంటసేపు రుద్దారు. అమ్మ పళ్ళ బిగువున ఓర్చుకుంది, నొప్పి ఉంటేనే పని జరుగుతుంది కాబోలనుకుని. రాత్రికి చెయ్యి ఎర్రగా కందిపోయింది, తెల్లారేసరికి ఇంకా బరువెక్కింది. ఆ రాత్రి అమ్మ చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చునే ఉంది. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. ఈ పని మాకు రాదు అని చెప్తే వచ్చిన దారినే పోయేవాళ్ళం కదా.

తర్వాత అమ్మతో పాటు రేడియేషన్ చేయించుకున్న ఒక ఆంటీ చెప్పబట్టి సూర్యారావుపేటలో ఒక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ తెలిసింది. అసలు రివ్యూ ఆ క్లినిక్ గురించే. అక్కడ ఈ పని చేసే అమ్మాయి ఫిజియోథెరపీ చదివి, ఆ పైన లింఫెడిమాకి విడిగా ట్రైనింగ్ తీసుకుంది. మొదటి రోజు అసలు మసాజే చెయ్యలేదు. గంటసేపు అడగడమే. ఎన్ని బిళ్ళలు తీశారు, రేడియేషన్ ఎక్కడెక్కడ ఇచ్చారు, గుండె జబ్బు ఉందా, కిడ్నీలు ఎలా ఉన్నాయి, కాళ్ళలో ఎప్పుడైనా రక్తం గడ్డ కట్టిందా, ఈ మధ్య జ్వరం వచ్చిందా. డిశ్చార్జి పేపర్లన్నీ చదివింది. తర్వాత టేపు తీసి రెండు చేతులూ మణికట్టు నుంచి చంక దాకా పెన్నుతో గుర్తులు పెట్టుకుంటూ కొలిచింది. మోచేతికి పది సెంటీమీటర్ల పైన కుడి చెయ్యి 29 సెంటీమీటర్లు, ఎడమది 34. ముంజేతి దగ్గర కుడిది 24, ఎడమది 28.5. ఆ కొలతలన్నీ ఒక కార్డు మీద రాసి మాకే ఇచ్చింది. "తగ్గిందో లేదో నేను చెప్పక్కర్లేదమ్మా, ఇదే చెప్తుంది" అంది. నాకు అప్పుడే సగం నమ్మకం కుదిరింది.

మర్నాడు మసాజ్ మొదలుపెట్టింది. నూనె లేదు, పౌడర్ లేదు. చెయ్యి వాచింది కదా, చేతి దగ్గర మొదలుపెడుతుంది అనుకున్నాం. అసలు చేతి జోలికే పోలేదు. ముందు మెడ కింద, కాలర్ ఎముకల పైన ఉండే గుంటల్లో వేళ్ళు ఆనించి చర్మాన్ని మెల్లగా కొంచెం సాగదీసి వదిలేస్తోంది. సాగదీసి, వదిలి, ఒక క్షణం ఆగి, మళ్ళీ. తర్వాత పొట్ట మీద చెయ్యి పెట్టి అమ్మతో లోతుగా ఊపిరి తీయించింది. తర్వాత కుడి చంక, అంటే బాగున్న వైపు. తర్వాత ఎడమ గజ్జ. ఛాతీ మీద ఎడమ నుంచి కుడికి, పక్కటెముకల మీదుగా ఎడమ చంక కింది నుంచి గజ్జ వైపుకి. ఇవన్నీ అయ్యాకే చెయ్యి, అదీ ముందు భుజం దగ్గర, తర్వాత మోచెయ్యి, చిట్టచివర వేళ్ళు. ఎంత తేలిగ్గా అంటే, చిన్నపిల్లల బుగ్గ మీద చర్మాన్ని అటూ ఇటూ కదిపితే ఎంత ఒత్తిడి పడుతుందో అంతే. అమ్మ కళ్ళు తెరిచి నా వైపు చూసి "ఇదేం మాలిషే, పిల్లి నడిచినట్టుంది" అంది. ఆ అమ్మాయి నవ్వి, గట్టిగా నొక్కితే రక్తం ఎక్కువగా పారి ఇంకా నీరు చేరుతుందమ్మా, నేను కదపాల్సింది చర్మం కిందే ఉంటుంది, కండ దాకా పోనక్కర్లేదు అని చెప్పింది. స్పాలో ఆ రోజు ఏం జరిగిందో నాకు అప్పుడు అర్థమైంది.

దూరం నుంచి ఎందుకు మొదలుపెట్టిందో మాకు నాన్న చెప్పారు. మాది డెల్టా, ఆయనకి కాలవలే బతుకు. "మురుగు కాలవ కింద పూడిపోతే చేలో నీళ్ళు ఎంత తోడినా ఏం లాభం? ముందు కింద పూడిక తియ్యాలి, లేదా పక్క కాలవలోకి గండి పెట్టాలి" అన్నారు. అచ్చంగా అంతే. రక్తనాళాల్లోంచి కొంత నీరు ఎప్పుడూ కణాల మధ్యకి ఊరుతుంటుంది, అందులో మిగిలిపోయింది రోజుకి రెండు మూడు లీటర్ల దాకా ఈ సన్నటి లింఫ్ నాళాలు తీసుకుని మళ్ళీ మెడ దగ్గర పెద్ద సిరల్లో కలుపుతాయి. స్కూల్లో శోషరసం అని చదువుకున్నది దీన్నే. రక్తానికి గుండె ఉన్నట్టు దీనికి పంపు లేదు. నాళాల సన్నని కదలిక, కండరాల కదలిక, ఊపిరి, వీటితోనే కదులుతుంది, వెనక్కి రాకుండా లోపల వాల్వులుంటాయి. చంకలో బిళ్ళలు ఆ దారిలో జంక్షన్లు. వాటిని తీసేస్తే చేతిలో నీరు పోయే పెద్ద దారి మూసుకుపోయినట్టే. అందుకని కుడి చంక వైపు, గజ్జ వైపు ఉన్న దారులు ముందు ఖాళీ చేసి, చేతిలో నీటిని వాటిలోకి మళ్ళిస్తారు.

ఈ పద్ధతి 1930లలో డెన్మార్క్‌కి చెందిన ఎమిల్ వాడర్, ఎస్ట్రిడ్ వాడర్ అనే భార్యాభర్తలు ఫ్రాన్స్‌లో ఉండగా మొదలుపెట్టారు. జలుబు, సైనస్‌తో వచ్చేవాళ్ళ మెడలో బిళ్ళలు వాచి ఉండటం చూసి, అప్పట్లో ఎవరూ ముట్టుకోవద్దనే ఆ బిళ్ళల దగ్గర ఇలా మెల్లగా చెయ్యడం ప్రయత్నించారు. తర్వాత జర్మనీలో ఫోల్డి దంపతులు, వాళ్ళు డాక్టర్లు, దీనికి కట్టు, వ్యాయామం, చర్మం జాగ్రత్తలు కలిపి పూర్తి వైద్యంగా చేశారు. ఈ కలపడం అనేదే ముఖ్యం. ఒక్క మసాజ్ చేయించుకుని ఇంటికి వెళ్ళిపోతే సాయంత్రానికి చేతిలో నీరు మళ్ళీ చేరిపోతుంది. ఇది మాకు ఎవరూ ముందు చెప్పలేదు.

కట్టు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే వదిలేస్తారు. మసాజ్ 45 నిమిషాలు, కట్టు 20 నిమిషాలు. ముందు చర్మానికి క్రీమ్, పైన మెత్తటి కాటన్ గొట్టం లాంటి గుడ్డ, తర్వాత ఒక్కో వేలికీ విడిగా సన్నటి గాజ్ బ్యాండేజీ, ఆ పైన దూది పొర, మోచేతి మడతలో చిన్న ఫోమ్ ముక్క, చివర్న షార్ట్ స్ట్రెచ్ బ్యాండేజీలు మూడు వరసలు. మణికట్టు దగ్గర బిగువుగా, పైకి వెళ్ళే కొద్దీ వదులుగా. మందుల షాపులో దొరికే మామూలు క్రేప్ బ్యాండేజీ దీనికి పనికిరాదు. అది లాగితే బాగా సాగుతుంది, పడుకున్నప్పుడు కూడా నొక్కుతూనే ఉంటుంది. షార్ట్ స్ట్రెచ్ కట్టు తక్కువ సాగుతుంది కాబట్టి చెయ్యి ఊరికే ఉన్నప్పుడు పెద్దగా బిగియదు, కదిపినప్పుడు మాత్రం లోపల కండ ఉబ్బి, బయట కట్టు ఆపి, మధ్యలో నీరు పైకి కదులుతుంది. మేం మొదట ఒక షాపులో అడిగితే రెండూ ఒకటేనండీ అని క్రేపే అంటగట్టారు. క్లినిక్‌లో చూసి వాపసు ఇచ్చేయమన్నారు, ఆ షాపువాళ్ళు తీసుకోలేదు.

మూడు వారాలు, వారానికి ఐదు రోజులు. అమ్మ విజయవాడలో నా దగ్గరే ఉంది. ఆ కట్టుతో అన్నం కలుపుకోవడం కుడి చేత్తో కాబట్టి సరిపోయింది కానీ, తల దువ్వుకోవడం, కుచ్చిళ్ళు పెట్టుకోవడం అన్నీ కష్టమే. రాత్రి చెమట, దురద. నాలుగో రోజు "తీసెయ్యవే, నా వల్ల కాదు" అని ఏడ్చింది. అలాంటప్పుడు ఆ అమ్మాయి ఫోన్ ఎత్తి మాట్లాడింది, వేళ్ళ చివర్లు నీలంగా లేవు కదా, తిమ్మిరి లేదు కదా అని అడిగి తెలుసుకుని, "రేపు పొద్దున్నే విప్పి చూద్దాం, ఈ ఒక్క రాత్రి ఉంచండమ్మా" అంది. మర్నాడు విప్పి కొలిస్తే ముంజెయ్యి సెంటీమీటరు పైనే తగ్గింది. ఆ కార్డు మీద అంకె చూశాక అమ్మ మళ్ళీ కట్టు విప్పమనలేదు.

తొమ్మిదో సిట్టింగ్ ముందు ఒకటి జరిగింది. ఆదివారం సెలవు కదా అని అమ్మ తెనాలి వెళ్ళింది. కట్టు విప్పుకుని జెల్లలు శుభ్రం చేస్తుంటే ఎడమ బొటనవేలికి ముల్లు గుచ్చుకుంది. మామూలుగా అయితే పసుపు అద్ది ఊరుకునే విషయం. సోమవారం క్లినిక్‌కి వచ్చేసరికి ముంజేతి మీద అరచేతి వెడల్పున ఎర్రగా, వేడిగా ఉంది, ఒళ్ళు కూడా కాస్త వెచ్చబడింది. మసాజ్ చేస్తే తగ్గుతుందిలే అనుకుని మంచం ఎక్కబోతే ఆ అమ్మాయి చెయ్యి చూసి ఆపేసింది. ఇది ఇన్ఫెక్షన్, ఇప్పుడు మసాజూ వద్దు, కట్టూ వద్దు, ఈ పూటే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి అంది. తనే ఫోన్ చేసి చెప్పింది కూడా. యాంటీబయాటిక్స్ పది రోజులు వాడాల్సి వచ్చింది. ఆ రోజు సిట్టింగ్ ఫీజు 800 రూపాయలు తీసుకుని పని కానిచ్చేసి ఉంటే ఎవరికి తెలుస్తుంది? ఈ క్లినిక్‌కి నేను మార్కులు వేసేది ఆ ఒక్క సోమవారానికే. బిళ్ళలు తీసేసిన చేతికి చిన్న దెబ్బ కూడా చిన్నది కాదని మాకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు అమ్మ అంట్లు తోమినా, పూలమొక్కల దగ్గరికి వెళ్ళినా గ్లవుజు వేసుకుంటుంది. చేపలు నాన్న చేస్తున్నారు.

ఫలితం సంగతి. 15 సిట్టింగులు అయ్యేసరికి పైచెయ్యి 34 నుంచి 31కి వచ్చింది, ముంజెయ్యి 28.5 నుంచి 25.5కి. ఆ తర్వాత వారానికొకటి చొప్పున మూడు, మొత్తం 18. పూర్తిగా కుడి చేతిలా అవలేదు, అవుతుందని వాళ్ళూ చెప్పలేదు. ఇది షుగర్ లాగా చూసుకుంటూ ఉండాల్సిందే, పోయేది కాదు అని మొదటి రోజే చెప్పారు. నొక్కితే గుంట పడటం బాగా తగ్గింది. బరువు తగ్గిందని అమ్మ తనంతట తనే అంటోంది. ఇప్పుడు పగలంతా కంప్రెషన్ స్లీవ్ (చేతిని బిగువుగా పట్టి ఉంచే తొడుగు) వేసుకుంటుంది, రాత్రి తీసేస్తుంది. పొద్దున, సాయంత్రం పది నిమిషాలు తనే మెడ దగ్గర, కుడి చంక దగ్గర మెల్లగా చేసుకుంటుంది, ఊపిరి వ్యాయామం చేస్తుంది. కట్టు కట్టడం నాన్న నేర్చుకున్నారు, రెండో వారంలో ఆయన్ని కూర్చోబెట్టి మూడుసార్లు కట్టించి విప్పించారు. నాకన్నా ఆయనే బాగా కడతారు.

ఖర్చు: సిట్టింగ్‌కి 800 చొప్పున 18కి 14,400. బ్యాండేజీ సెట్ 5,200, ఉతికి వాడుకోవచ్చు. స్లీవ్, చేతి గ్లవుజుతో కలిపి 4,600. మొత్తం 24,200, ఆటో ఖర్చులు కాకుండా. మాకు ఇన్సూరెన్స్‌లో రాలేదు. స్లీవ్ ఆరు నెలలకోసారి మార్చాలి, బిగువు పోతే వేసుకున్నా వేసుకోనట్టే.

నచ్చనివి కూడా ఉన్నాయి. క్లినిక్ రెండో అంతస్తులో, మేం వెళ్ళిన రోజుల్లో సగం రోజులు లిఫ్ట్ పని చెయ్యలేదు, కీమో నీరసం ఉన్నవాళ్ళకి ఆ మెట్లు నరకం. రిసెప్షన్‌లో పదకొండుకి రమ్మని పన్నెండు దాకా కూర్చోబెట్టిన రోజులు మూడు. మంచానికి మంచానికి మధ్య కర్టెన్ పల్చగా ఉంటుంది. ఛాతీ మీద చేయించుకునే ఆడవాళ్ళకి అది ఇబ్బంది, అమ్మ మొదటి రెండు రోజులూ బిగుసుకుపోయే పడుకుంది. చెప్పాక చివరి గది ఇచ్చారు. అడగకముందే ఇవ్వాల్సింది. ఈ పని తెలిసింది ఆ ఒక్క అమ్మాయికే, తను సెలవు పెడితే సిట్టింగ్ లేనట్టే. గాలి నింపే పంపు మెషిన్ ఉంది కానీ చేత్తో చేసేదానికి బదులుగా అది పెట్టరు, అది మంచిదే.

మామూలుగా ఆరోగ్యం కోసం, అలసట తీరడానికి చేయించుకోవచ్చా అని నన్ను ముగ్గురు అడిగారు. నేనూ ఒకసారి చేయించుకున్నాను, అమ్మ సిట్టింగ్ క్యాన్సిల్ అయిన రోజు అదే టైములో. పది నిమిషాల్లో నిద్ర పట్టేసింది, లేచాక ముఖం తేలిగ్గా అనిపించింది, ఆ పూటంతా ఒళ్ళు హాయిగా ఉంది. అంతే. బరువు తగ్గదు. విషాలు పోవడం అనే మాట నమ్మకండి, ఆ పని చెయ్యడానికి లివర్, కిడ్నీలు ఉన్నాయి. హాయి కోసం అయితే చేయించుకోండి, తప్పేం లేదు, కానీ దానికి పదివేల ప్యాకేజీలు కట్టకండి. లైపోసక్షన్ (కొవ్వు తీసే ఆపరేషన్), పొట్ట ఆపరేషన్ లాంటివి చేయించుకున్నవాళ్ళకి కూడా వాపు తగ్గడానికి ఇది చేస్తున్నారు, అక్కడ ఎప్పుడు మొదలుపెట్టాలో మీ సర్జన్ చెప్పాలి, పార్లర్ వాళ్ళు కాదు.

ఒక విషయం మాత్రం బతిమాలి చెప్తున్నాను. కాళ్ళ వాపు వచ్చిందని ముందే మసాజ్‌కి పరిగెత్తకండి. గుండె బలహీనంగా ఉన్నా, కిడ్నీలు సరిగ్గా లేకపోయినా కాళ్ళు వాస్తాయి, అప్పుడు ఆ నీటినంతా ఒక్కసారి లోపలికి తోస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి, దాన్ని రుద్దకూడదు. జ్వరం, ఎర్రదనం ఉంటే అసలే వద్దు. మా ఊళ్ళో బోదకాలు ఉన్న పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. అది కూడా లింఫ్ నాళాలు దెబ్బతిని వచ్చేదే, దోమ కుట్టి లోపలికి వెళ్ళే పురుగుల వల్ల. వాళ్ళకి రోజూ సబ్బుతో కాలు శుభ్రంగా కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడవడమే పెద్ద వైద్యం అని ఈ అమ్మాయే చెప్పింది. మా పక్కింటి తాతయ్యకి ఏళ్ళ తరబడి జ్వరాలు వచ్చి కాలు పెరిగేది, ఆయనకి ఈ మాట చెప్పినవాళ్ళే లేరు. ఇప్పుడు మనవరాలు రోజూ కడుగుతోంది.

ఎక్కడికి వెళ్ళినా ఇవి చూసుకోండి: చేసేవాళ్ళకి లింఫెడిమాలో ట్రైనింగ్ ఉందా, ముందు కొలతలు తీస్తున్నారా, మీ జబ్బుల గురించి అడుగుతున్నారా, నొప్పి లేకుండా చేస్తున్నారా, కట్టు సంగతి ఎత్తుతున్నారా. నొప్పి పుట్టిందంటే లేచి వచ్చెయ్యండి, డబ్బు పోయినా ఫర్వాలేదు. ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్ళుంటే ముందే అడగండి, బిళ్ళలన్నీ తియ్యాలా, లేక ఒకటి రెండు తీసి పరీక్ష చేసి అవసరమైతేనే మిగతావి తీస్తారా అని. అందరికీ కుదరదు కానీ కుదిరినవాళ్ళకి ఈ వాపు వచ్చే అవకాశం తగ్గుతుంది. ఆపరేషన్‌కి ముందే రెండు చేతుల కొలతలు తీసి రాసి పెట్టుకుంటే ఇంకా మంచిది, మేం అది చేసి ఉంటే దసరా దాకా ఆగేవాళ్ళం కాదు.

మొన్న రెండో స్లీవ్‌కి కొలతలు ఇచ్చి వచ్చాం. పాతది అమ్మ రంగుకి మరీ తెల్లగా కొట్టొచ్చినట్టు ఉండేది, పేరంటానికి వెళ్తే అందరూ అదేంటని అడిగేవాళ్ళు. ఈసారి చామనఛాయలో దొరికింది. లిఫ్ట్ కూడా బాగుచేశారు.